గుల్‌నార్ టాకీస్ పరదా

తెనాలి,
9 మార్చి 1969

ప్రియమైన పద్మకు,

మేం క్షేమమని, నీ క్షేమం తెలియజేయమని మొదలుపెట్టమంటూ అమ్మమ్మ పక్కనే కూర్చుని చెప్పింది. ఇప్పుడావిడ వంటింట్లోకి వెళ్ళింది కాబట్టి అసలు సంగతి రాస్తాను. నేను క్షేమంగా లేను. నాకు చాలా కోపంగా ఉంది.

ఇక్కడికొచ్చి నెల దాటింది. గొడవలు ముదురుతున్నాయని బుచ్చిబాబు మావయ్య వచ్చి అమ్మనీ నన్నూ రైలెక్కించేశాడు. నాన్న కిటికీ పక్కన నిలబడి, "కొన్నాళ్ళలో అంతా సర్దుకుంటుంది" అన్నారు. ఆయన మాత్రం కదల్లేదు. గుల్‌నార్ టాకీసుని వదిలి ఆయన ఎప్పుడు కదిలారు గనక! నేను పుట్టిన రోజున కూడా మొదటాట పూర్తయ్యాకే ఆస్పత్రికి వచ్చారని అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. మేనేజరంటే మరీ అంత మేనేజరు.

ఇక్కడ వీధిలో పిల్లలు నన్ను 'నైజాం పిల్ల' అంటున్నారు. మొన్న కొట్లో "పరేషాన్ అయిపోయాను" అన్నానని పొట్ట పట్టుకుని నవ్వారు. అక్కడేమో మీవాళ్ళు నన్ను వెళ్ళిపొమ్మని గోడల మీద రాస్తున్నారు. ఎక్కడికి పోవాలో కూడా రాస్తే బాగుండేది. నేను పుట్టింది తార్నాకలోనే కదా.

నాన్న కార్డులన్నిటిలోనూ ఒకటే మాట: "అంతా సవ్యం. గుల్‌నార్ బాగా నడుస్తోంది." పేపరు చూస్తే ఊరేగింపులూ, బందులూ, లాఠీలూ. మరి సినిమా ఎవరు చూస్తున్నట్టు, పిల్లులా?

అమ్మ తీర్మానం చేసేసింది. గుల్‌నార్ నడిచినన్నాళ్ళూ నాన్నకి ఉద్యోగం ఉంటుంది, ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ తార్నాక ఇల్లు ఉంటుంది. అది మూతపడిన రోజున ఇక మనకి హైదరాబాదు లేదు, నీకు ఎమ్మే లేదు, ఇక్కడే సంబంధం చూస్తానంది. నా చదువూ, నా ఊరూ ఆ హాలు తలుపులకి వేలాడుతున్నాయి పద్మా. నువ్వొకసారి వెళ్ళి చూసి, ఉన్నదున్నట్టు రాయి.

మనం కలిసింది కూడా అక్కడే. నువ్వు జనగామ నుంచి కొత్తగా వచ్చి, హాస్టలు అమ్మాయిలతో లేడీస్ క్లాసులో కూర్చున్నావు. ఇంటర్వెల్‌కి దీపాలు వెలగ్గానే లేడీస్ గేటు దగ్గరుండే లచ్చమ్మ తాడు లాగి మన ముందు నల్ల పరదా మూసేసింది. నువ్వు ఆట అయిపోయిందనుకుని చెప్పులేసుకుని బయల్దేరావు. "కూర్చో, ఇది మగాళ్ళు మనల్ని చూడకుండా. దీపాలారగానే తీసేస్తారు" అని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. ఆ కప్పు నిండా సున్నంతో చేసిన దానిమ్మపూలు చూసి నువ్వు నోరు తెరిచావు. గుల్‌నార్ అంటే దానిమ్మపువ్వు అని నేను గొప్పలు పోయాను, అదేదో మా నాన్నే కట్టించినట్టు. త్వరగా జవాబు రాయి.

నీ లలిత


లేడీస్ హాస్టల్,
యూనివర్సిటీ క్యాంపస్,
21 మార్చి 1969

లలితా,

ఉన్నదున్నట్టు రాయమన్నావు. ముందు నా సంగతి రాసి తర్వాత హాలు సంగతి రాస్తాను.

క్లాసులు లేవు. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద రోజూ మీటింగులే. నేనూ వెళుతున్నాను, ఊరేగింపుల్లో నడుస్తున్నాను. వేరెవరో నీకు చెప్పేలోపు నేనే చెప్పడం మంచిది. మా అన్నకి రావలసిన ఉద్యోగంలో ఎక్కడి నుంచో వచ్చినవాడు కూర్చున్నాడు. మా ఇంట్లో ప్రతిరోజూ అన్నం దగ్గర అదే మాట నడుస్తుంది. మా తెలంగాణ మాకు కావాలి. అందుకోసం మీ నాన్న రైలెక్కాలని మాత్రం నేననుకోను. రెండూ ఒకటేననే వాళ్ళు మాలో ఉన్నారు. వాళ్ళతో రోజూ పోట్లాడుతున్నాను. రోజూ గెలుస్తున్నానని చెప్పలేను.

నిన్న బస్సుల్లేక మెట్టుగూడ మీదుగా నడిచి సికింద్రాబాద్ వెళ్ళాను. గుల్‌నార్ ముందున్న పెద్ద అద్దాల బీరువా, నువ్వూ నేనూ సినిమా బొమ్మలు చూస్తూ నిలబడేది, పగిలిపోయింది. మ్యాట్నీ తప్ప మిగతా ఆటలు లేవు. లేడీస్ గేటు దగ్గర లచ్చమ్మ నన్ను చూడగానే అందుకుంది.

"ఏం జెప్పాలె బిడ్డా! సోమారం నాడు పోరగాళ్ళు వచ్చి రాళ్ళేసిన్రు. మంగళారం నాడు గాళ్ళే వచ్చి టికెట్లు కొన్నరు. సార్ ఇచ్చిండు గూడ!"

"ఇవ్వక? సినిమా బాగుందిగా, వాళ్ళు మాత్రం చూడొద్దూ?" అన్నారు మీ నాన్న లోపలి నుంచి.

టీ తెప్పించారు. పరీక్షలెప్పుడని అడిగారు. ఇంటర్వెల్‌కి దీపాలు వెలిగాయో లేదో, "పరదా!" అని కేకేశారు. లేడీస్ క్లాసులో ఉన్నదే నలుగురు. ఈ నలుగురి కోసం ఎందుకండీ అని అడిగాను. "నలుగురైనా ఆడవాళ్ళేగా అమ్మా. లచ్చమ్మ రాని రోజున నేనే లాగుతాను, గోడవైపు తిరిగి" అన్నారు. ఇరవై ఏళ్ళలో దీపాలు వెలిగాక పరదా ఆలస్యమైన రోజు లేదట.

వచ్చేటప్పుడు అన్నారు: "అద్దం సంగతి లలితకి రాయకు. దాని ఉత్తరాలు వాళ్ళమ్మ చదువుతుంది." రాయనని మాటిచ్చాను. ఇచ్చి, ఇదిగో రాశాను. నువ్వు మాత్రం ఈ ఉత్తరం జాగ్రత్తగా దాచు.

పద్మశ్రీ


తెనాలి,
6 ఏప్రిల్ 1969

పద్మశ్రీకి,

దాచడానికి ఈ ఇంట్లో చోటేదీ? అమ్మ చదివింది. రెండు రోజులు అన్నం ముట్టలేదు. బుచ్చిబాబు మావయ్య అప్పుడే ఇక్కడ రైస్‌మిల్లులో నాన్నకి గుమాస్తా పని మాట్లాడేశాడు. నాన్న రానని కార్డు రాస్తే అమ్మ దాన్ని పొయ్యిలో పెట్టింది. ఇప్పుడు ఇంట్లో అందరూ కళ్ళు తుడుచుకుంటూ గుల్‌నార్ ఎప్పుడు మూతపడుతుందా అని ఎదురు చూస్తున్నారు, నేను తప్ప.

నిన్నొక మాట అడగాలి. అడక్కుండా ఉండలేకపోతున్నాను. నువ్వు ఊరేగింపులో నడుస్తున్నానన్నావు. ఆ రాయి నువ్వు నడిచిన ఊరేగింపులోంచే వచ్చిందా? నువ్వు నినాదాలిస్తుంటే నీ వెనకాలవాడే విసిరాడా? మా నాన్న నీకు టీ ఇచ్చారు. నువ్వు తాగావు. రెండూ చేయడం ఎలా కుదిరింది నీకు?

మీ అన్న ఉద్యోగం మా నాన్న తీసుకోలేదు. ఆయన పొద్దున్నే వెళ్ళి గేటు తీసి, రాత్రి గేటు వేసి వస్తారు. అంతకుమించి ఆ ఊళ్ళో ఎవరికీ ఏమీ చేయలేదు. నీకు ఇదంతా తెలుసు. తెలిసినదానివి గనకనే నాకు ఇంత కోపం.

శ్రీలలిత


లేడీస్ హాస్టల్, క్యాంపస్,
20 జూన్ 1969

లలితా,

రెండు నెలలకు పైగా జవాబు రాయలేదు. కోపంతో కాదు. మన క్లాసులో వెనక బెంచీ మీద కూర్చునే సామేలు గుర్తున్నాడా? నీ నోట్సు అడిగి తీసుకుని తిరిగి ఇవ్వనివాడు. కాల్పుల్లో పోయాడు. వాళ్ళ నాన్న వచ్చి అతని చాప, దిండు, పుస్తకాలు తీసుకెళుతుంటే నేను చూశాను. ఆ తర్వాత కలం పట్టుకుంటే ఏం రాయాలో తెలిసేది కాదు.

నీ ప్రశ్నకి జవాబు చెబుతాను. అవును, ఆ రాయి మా ఊరేగింపులోంచే వచ్చింది. విసిరింది మా చిన్నాయన కొడుకు పరుశురాం. నాకు తర్వాత తెలిసింది. ఎలా తెలిసిందో చెబుతాను విను.

కర్ఫ్యూ సడలించి మ్యాట్నీ ఆడించిన మొదటి రోజున మీ నాన్నని చూద్దామని వెళ్ళాను. లేడీస్ క్లాసులో పాతికమంది దాకా ఉన్నాం. సినిమా సగంలో ఉండగా బయట అరుపులు, పరుగులు. ఆరేడుగురు కుర్రాళ్ళు గేటు తోసుకుని లోపలికి వచ్చారు. ఒకడి చెవి పక్కన నెత్తురు. పోలీసులు రోడ్డు మలుపులో ఉన్నారు. మీ నాన్న వాళ్ళని చూసి లేడీస్ మెట్లు చూపించారు.

"ఆడోళ్ళ క్లాసులకా? వొద్దు సార్!" అని పరుశురాం వెనక్కి తగ్గాడు. లాఠీలకు భయపడనివాడికి చెమటలు పట్టాయి.

"లాఠీ కావాలా, లేడీస్ క్లాసు కావాలా? తొందరగా చెప్పు. నువ్వు ఆరోజు అద్దం దగ్గర ఉన్నావుగా? ఆ చివర కూర్చో, అక్కడ చీకటి ఎక్కువ" అన్నారు మీ నాన్న.

నేను మా తమ్ముణ్ణి చూశాను. వాడు నా మొహం చూడలేదు.

ఆ తర్వాత మీ నాన్న చేసింది విను. రీలు ఆపించి హాలంతా దీపాలు వేయించారు. పోలీసులొస్తే వెతుక్కోవడానికి వీలుగా వేసినట్టే ఉంది. కానీ దీపాలు వెలిగితే పరదా మూయాలి కదా. లచ్చమ్మ తాడు లాగింది. ఆడవాళ్ళందరూ ఒక్క మాట అనుకోకుండా కుర్రాళ్ళని కాళ్ళ దగ్గర కూర్చోబెట్టుకుని కొంగులు కప్పారు. ఒక ముసలావిడ తన బురఖా తీసి ఒకడికి తొడిగింది.

ఎస్సై హాలంతా తిరిగి పరదా దగ్గరికొచ్చాడు.

"లోపల ఎవరున్నరు?"

"కుటుంబాలండీ. జనానా క్లాసు" అన్నారు మీ నాన్న.

సరిగ్గా అప్పుడే కుర్రాళ్ళలో ఒకడు దగ్గాడు. మగ దగ్గు, హాలంతా మోగింది.  అంబర్‌పేట నుంచి వచ్చిన అమృతమ్మ అనే పెద్దావిడ వెంటనే అందుకుంది: "మా కోడలికి దగ్గు బిడ్డా. ఎన్ని మందులు తాపినా తగ్గుతలేదు."

 పరదా అవతల నుంచి ఎస్సై అన్నాడు: "దవాఖానకు తీస్కపో అమ్మా. గంత పెద్ద దగ్గు మంచిది గాదు." మెట్లు దిగి వెళ్ళిపోయాడు. అతనూ ఈ ఊరివాడే. జనానా పరదా ఎత్తడానికి చెయ్యి రాలేదో, మరి తెలిసే వదిలేశాడో నాకు తెలియదు.

మీ నాన్న దీపాలు ఆర్పించి, ఆపిన చోటు నుంచి సినిమా మళ్ళీ వేయించారు. కుర్రాళ్ళు చివరిదాకా చూసి వెళ్ళారు. పరుశురాం మీ నాన్న ముందు నిలబడి ఏదో చెప్పబోయి ఏడ్చాడు. "పో నాయనా, మీ అమ్మ ఎదురు చూస్తూ ఉంటుంది" అన్నారాయన.

లలితా, నాకు తెలంగాణ ఇప్పుడూ కావాలి. సామేలు పోయాక ఇంకా ఎక్కువ కావాలి. ఆ మాట ఆ రోజు సాయంత్రం మీ నాన్నతో కూడా అన్నాను. "కావాలంటే అడగాలమ్మా, తప్పేముంది?" అన్నారు. నీకు నా మీద కోపం పోకపోయినా ఫరవాలేదు. ఇది మాత్రం మీ ఇంట్లో అందరికీ చదివి వినిపించు.

పద్మ


తెనాలి,
14 ఆగస్టు 1969

నా పద్మా,

చదివి వినిపించాను. అమ్మమ్మ 'కోడలి దగ్గు' దగ్గర పొర్లి పొర్లి నవ్వింది. బుచ్చిబాబు మావయ్య "బావకి బుద్ధి లేదు, వాళ్ళని కాపాడ్డం ఏంటీ" అంటే, "నీకుంటే చాల్లే" అని అమ్మమ్మ కసిరింది. అమ్మ మాత్రం ఉత్తరం తీసుకుని పెరట్లోకెళ్ళి ఒక్కతే మళ్ళీ చదువుకుంది.

సామేలు గురించి చదివి నేను చాలాసేపు ఏడ్చాను. నా నోట్సు ఇవ్వలేదని ఎన్నిసార్లు తిట్టుకున్నానో. వాళ్ళ నాన్నకి ఉత్తరం రాయాలని ఉంది. తెనాలి నుంచి వచ్చిందని చూసి ఆయనకి ఇంకా బాధ కలుగుతుందేమోనని భయం. నువ్వు చెప్పు, రాయనా?

రాళ్ళ సంగతి నిన్నడిగినందుకు సిగ్గుపడ్డాను. ఇక నీ మీద కోపం లేదు. ఇంత మంచి మాట రాసుకుంటున్నప్పుడు మామూలుగా ఒక మంచి వార్త రావాలి. రాలేదు. నిన్న నాన్న కార్డు వచ్చింది: "నెలాఖరుకి గుల్‌నార్ మూసేస్తున్నారు. ఓనరు ఫరీదూన్ సేఠ్ హాలు అమ్మేశారు. వస్తున్నాను." అంతే. ఎవరు కొన్నారో, ఎందుకమ్మారో, ఏమీ లేదు.

ఇన్నాళ్ళూ ఆయన అబద్ధాలకి తిట్టుకున్నాను. ఒక్కసారి నిజం రాస్తే చదవలేకపోయాను. అమ్మ బియ్యం డబ్బాలు తుడిపిస్తోంది, ఆయన కోసం ముందు గదిలో మంచం వేయించింది. సంబంధం చూడడం కూడా మొదలైంది. ఇక నేను రాను పద్మా. తార్నాక ఇంట్లో బీరువాలో నా పుస్తకాలున్నాయి, నువ్వే తీసుకో. చివరాట రోజున నువ్వు తప్పకుండా వెళ్ళు. నాకు బదులుగా వెళ్ళు.

లలిత


లేడీస్ హాస్టల్, క్యాంపస్,
8 సెప్టెంబర్ 1969

లలితా,

వెళ్ళాను. ఏం జరిగిందో అంతా రాస్తాను, కానీ వరస తప్పుతుందేమో.

ఏడు నెలలుగా సగం హాలు కూడా నిండక సేఠ్ చేతులెత్తేశాడు. కొన్నవాళ్ళు హాలు పడగొట్టి ఆఫీసులకి మేడలు కడతారట. సేఠ్ కూడా ఆ రోజు వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు.

లేడీస్ గేటు ముందు ఎంత జనమో! మల్కాజ్‌గిరి నుంచి, అంబర్‌పేట నుంచి, లాలాగూడ రైల్వే క్వార్టర్ల నుంచి. అమ్మమ్మలు, మనవరాళ్ళు, చంటిపిల్లలు. ఆ పొద్దున్నే మెట్ల మీద ముగ్గు వేసింది ఎవరో ఇప్పటికీ తెలియదు. మా హాస్టలు నుంచి పదిమంది వచ్చారు, ఊరేగింపుల్లో నాతో నడిచే పద్మావతి కూడా. "ఆంధ్రోళ్ళ మేనేజరుకు ఇంత మర్యాదేంది?" అని పొద్దున నాతో పోట్లాడి, సాయంత్రం నాకంటే ముందు క్యూలో నిలబడింది. ఆమెకి అక్కడ ఏం గుర్తొచ్చిందో నేనడగలేదు.

ఇంటర్వెల్‌లో దీపాలు వెలిగాయి. పరదా కదల్లేదు. లచ్చమ్మ తాడు పట్టుకుని నిలబడిపోయింది. "నా చేతులు లేస్తలేవు సార్" అంది. మీ నాన్న మెట్లెక్కి వచ్చి, గోడవైపు తిరిగి, తాడు ఆయనే లాగారు.  నేను ఏడ్చాను. దాచుకోవడం ఎందుకు, వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆట అయ్యాక తాళాలు సేఠ్ చేతికిచ్చి మీ నాన్న బయటికొచ్చారు. పరుశురాం, నేనూ తార్నాక దాకా ఆయనతో నడిచాం. దారిలో అన్నాను: "ఇక్కడే ఉండండి. ఎక్కడికీ పోవద్దు."

"ఏం చేస్తూ ఉండమంటావమ్మా?" అన్నారు.

 చదువుకున్నదాన్ని, వందమంది ముందు మాట్లాడుతున్నదాన్ని, ఆయన చేతిసంచి అందుకుని నడిచానంతే. మర్నాడు రైలెక్కించి వచ్చాం. ఇంటి తాళం నాకిచ్చి వెళ్ళారు. అద్దె ఈ సంవత్సరాంతం దాకా కట్టేసి ఉందట. నీ పుస్తకాలు తీసుకోను. వాటిని దుమ్ము దులిపి బీరువాలోనే పెట్టాను.

సామేలు నాన్నకి రాయి. తప్పకుండా రాయి.

పద్మ


తెనాలి,
2 నవంబర్ 1969

పద్మా,

కుర్చీలో కూర్చుని చదువు. ముఖ్యమైన ఉత్తరం.

నాన్న వచ్చి రెండు నెలలవుతోంది. రైస్‌మిల్లుకి వెళతారు, వస్తారు. ఎవరేం అడిగినా "సరే" అంటారు. కూరలో ఉప్పు లేకపోయినా సరే, నాకు చూసిన సంబంధం వాళ్ళ అబ్బాయికి నత్తి ఉన్నా సరే. ఆయన ఎంత సరే సరే అంటే అమ్మకి అంత భయం పట్టుకుంది.

పోయిన ఆదివారం కాస్త మనసు మారుతుందని అందరం ఇక్కడి హాలుకి సినిమాకి వెళ్ళాం. ఇక్కడ ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క కూర్చుంటారు, మధ్యలో నడవ ఒక్కటే అడ్డు. పరదా లేదు, ఎప్పుడూ ఉన్నట్టు కూడా లేదు. నాన్న మామూలుగానే సినిమా చూస్తున్నారు. ఇంటర్వెల్‌కి టక్కున దీపాలు వెలిగాయి.

నాన్న లేచారు. "పరదా! లచ్చమ్మా, పరదా!" అని హాలంతా వినపడేలా కేకేసి, ఆడవాళ్ళవైపు పరుగెత్తారు. గోడవైపు తిరిగి, తాడు కోసం చేత్తో తడుముతున్నారు. తాడు ఎక్కడుంటుంది? ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. "ఏమయ్యా, పెద్దమనిషివి, ఆడాళ్ళ మధ్య నీకేం పని?" అని ఎవడో రెక్క పట్టుకుని లాగాడు. ఈలలు. నవ్వులు. బుచ్చిబాబు మావయ్య మొహం దాచుకున్నాడు. తనెక్కడున్నదీ నాన్నకి అప్పుడు తెలిసింది. రెండు చేతులూ జోడించి, "క్షమించండి, పొరపాటయింది" అన్నారు, గోడకేసి చూస్తూనే. అప్పటికీ ఆ ఆడవాళ్ళవైపు తల తిప్పలేదు.

 అమ్మ మాత్రం లేచింది. నెమ్మదిగా వెళ్ళి ఆ లాగినవాడి చెయ్యి తీసేసి, "మా ఆయన" అంది. ఆ రెండే మాటలు. చెయ్యి పట్టుకుని ఆయన్ని బయటికి తీసుకొచ్చింది.  ఇంటికొచ్చి మంచినీళ్ళిచ్చి, బుచ్చిబాబు మావయ్యతో చెప్పింది: "రైస్‌మిల్లు వాళ్ళకి వేరే మనిషిని చూసుకోమను. ఆ పిల్లాడి వాళ్ళకి కూడా కబురు పెట్టు. మేం మా ఊరు వెళుతున్నాం."

"ఏ ఊరు?" అన్నాడు మావయ్య. నిజంగానే అర్థం కాలేదు పాపం.

"తార్నాక" అంది అమ్మ.

నాన్న ఏమన్నారో తెలుసా? రెండు నెలల్లో మొదటిసారి "సరే" అనలేదు. "అక్కడ గొడవలింకా తగ్గలేదే, నీకు భయం కదూ?" అన్నారు. "ఉంది. అయితే?" అంది అమ్మ.

శుక్రవారం వస్తున్నాం. క్లాసులు మొదలైతే నేను వెళతాను, మొదలవకపోతే నువ్వున్నావు. నీ తెలంగాణ గురించి నీతో రోజూ పోట్లాడతాను, ముందే చెబుతున్నాను. అది వచ్చినా మేం ఉంటాం, రాకపోయినా ఉంటాం. స్టేషన్‌కి రా. ఇక అమ్మ ఏదో రాస్తానని కాగితం లాక్కుంటోంది.

నీ లలిత

అమ్మాయ్ పద్మశ్రీ,

ఇల్లు మూసి చాలాకాలమైంది గదా, గురువారం నాడు తలుపులు తీయించి, లచ్చమ్మ వస్తే ఊడ్పించి ఉంచు. రాగానే పొంగించడానికి పాలు పోయించు. నువ్వూ ఆ రోజు మా ఇంట్లోనే భోంచెయ్యి, మీ తమ్ముణ్ణి కూడా తీసుకురా. అక్కడ ఆయన ఏం చేస్తారు, ఎలా బతుకుతారు అని మాత్రం నన్నడక్కు. నేనింకా ఆయన్నే అడగలేదు.